ప్రశ్నశాస్త్రమున వక్రగ్రహములు – వాని తాత్పర్యము



ఉగాది నాడు పంచాంగశ్రవణము జరుగునప్పుడు "శని వక్రారంభము", "గురు వక్రత్యాగము" అను మాటలు మన చెవిని పడుచుండును. ఆనాడు వానిని అంతగా పట్టించుకొనము. కాని కష్టము వచ్చి దైవజ్ఞుని యొద్దకు పోయి ప్రశ్న అడిగినప్పుడు, ఆయన చక్రము వేసి "కార్యాధిపతి వక్రించినాడమ్మా" అన్నచో మన గుండె జారిపోవును. లోకవ్యవహారమున వక్రమనగా వంకర. వక్రబుద్ధి యనగా చెడుబుద్ధి. కనుక గ్రహము వక్రించినచో మన కార్యము కూడ వంకరపోవునని భయము. ఈ భయము ఎంతవరకు శాస్త్రసమ్మతము? ప్రశ్నచక్రమున వక్రగ్రహము కనబడినప్పుడు దైవజ్ఞుడు ఏమి చెప్పవలెను, అడిగినవారు దానిని ఎట్లు గ్రహింపవలెను? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

సారాంశమును మొదటనే మనవి చేయుదును. ప్రశ్నశాస్త్రమున వక్రము "చెడును" అని చెప్పుట లేదు. "తిరుగును" అని చెప్పుచున్నది. ఏది తిరుగును, ఎవరివైపు తిరుగును అన్నది అడిగిన ప్రశ్నను బట్టి తెలియవలెను. ఒక ప్రశ్నకు ఆ తిరుగుట శుభము, మరియొక ప్రశ్నకు విఘ్నము. ఈ భేదము తెలియక అన్నిటికి ఒకే మాట చెప్పుట వలననే జనులకు వృథాభయము కలుగుచున్నది.

గోదావరి చెప్పు పాఠము

ఈ విషయము గ్రహించుటకు మన ప్రాంతమువారికి కన్నులయెదుటనే ఒక దృష్టాంతమున్నది. గోదావరీమాత త్ర్యంబకమున పుట్టి, మొత్తము మీద ఆగ్నేయదిశగా సాగి, సుమారు 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమును చేరుచున్నది. కాని త్రోవ యంతయు ఒకే దిక్కున పోదు. ధర్మపురి నరసింహక్షేత్రమున ఆమె దక్షిణవాహిని. అచ్చటినుండి గూడెం గుట్ట సత్యనారాయణస్వామి పాదములచెంతగా, మన మంచిర్యాల మీదుగా సాగి, చెన్నూరు చేరునప్పటికి ఉత్తరదిక్కునకు మళ్ళును. ఆ మేరను పెద్దలు పంచక్రోశ ఉత్తరవాహిని యని పిలిచినారు. సముద్రమున్న దిక్కును విడిచి నది వెనుకకు మళ్ళినదే యని అచ్చట నెవరును భయపడలేదు. సరికదా, ఉత్తరవాహినీస్నానము విశేషఫలప్రదమని యెంచి, అగస్త్యేశ్వరుని దర్శించి తరించుచున్నారు. అటుపిమ్మట ఆ గోదావరియే కాళేశ్వరమున ప్రాణహితను కలుపుకొని, ఇనుమడించిన వెల్లువతో ముందునకు సాగుచున్నది.

నది మళ్ళినంత మాత్రమున గమ్యము తప్పలేదు. మళ్ళిన చోటు గమనింపదగినదైనది. గ్రహముల వక్రగతిని కూడ మన పూర్వులు ఈ దృష్టితోనే చూచినారు.

వక్రగతి యనగా నేమి?

గోదావరి నిజముగనే మళ్ళుచున్నది. గ్రహము మాత్రము నిజముగ వెనుకకు పోదు. మన చూపునకు అట్లు కనబడును. ఈ మాటను మన రైలుమార్గమే చక్కగా బోధించును. కాజీపేట – బల్లార్షా మార్గమున మీరు వేగముగ పోవు బండిలో కూర్చున్నారనుకొనుడు. ప్రక్క పట్టాలమీద బొగ్గు నింపుకొన్న గూడ్సుబండి అదే దిక్కునకు మెల్లగా పోవుచున్నది. మీ బండి దానిని దాటిపోవునపుడు కిటికీలోనుండి చూచినచో గూడ్సుబండి వెనుకకు పోవుచున్నట్లే తోచును. అది వెనుకకు పోలేదు. మనము ముందునకు పోయినాము. అట్లే భూమి తన కక్ష్యలో వేగముగ తిరుగుచు కుజ గురు శనులను దాటిపోవు కాలమున, ఆ గ్రహములు నక్షత్రముల నడుమ వెనుకకు నడచుచున్నట్లు కనబడును. బుధ శుక్రులు భూమికంటె వేగము గలవారు. వారు మనలను దాటిపోవునపుడు ఇదే భ్రాంతి కలుగును.

సూర్యసిద్ధాంతమున గ్రహగతులు ఎనిమిది విధములుగా చెప్పబడినవి. వక్ర, అతివక్ర, వికల, మంద, మందతర, సమ, శీఘ్ర, శీఘ్రతర యని వాని పేర్లు. వక్రము ఎప్పుడు మొదలగునో కూడ ఆ గ్రంథము శీఘ్రకేంద్రాంశలతో నిర్దేశించినది: కుజునకు 164, బుధునకు 144, గురునకు 130, శుక్రునకు 163, శనికి 115. అనగా వక్రము ఆకస్మికముగ వచ్చిపడు ఉపద్రవము కాదు. ముందుగనే లెక్క కట్టబడిన నియతగతి.

ఇక ఎంతకాలమునకు ఒకసారి ఎన్ని దినములు వక్రించుదురో చూడుడు. బుధుడు సుమారు 116 దినములకు ఒకమారు, మూడు వారముల పాటు. శుక్రుడు 584 దినములకు ఒకమారు, ఆరు వారములు. కుజుడు 780 దినములకు ఒకమారు, రెండు మొదలు రెండున్నర నెలలు. గురుడు 399 దినములకు ఒకమారు, నాలుగు నెలలు. శని 378 దినములకు ఒకమారు, నాలుగున్నర నెలలు. రవిచంద్రులకు వక్రము లేదు. రాహుకేతువులు సదా విలోమగతి గలవారు గావున వారి విషయమున వక్రమను విశేషము చెప్పుటకు తావులేదు.

ఈ లెక్కను ఒక్క క్షణము ఆలోచింపుడు. శని ప్రతి మూడు దినములలో ఒక దినము కంటె కొంచెము ఎక్కువగనే వక్రియై యుండును. గురుడు మూడవవంతునకు కొంచెము తక్కువగా వక్రియై యుండును. లోకమున పుట్టినవారిలో, ప్రశ్న అడుగువారిలో మూడవవంతు మంది శని వక్రించిన వేళ పుట్టినవారు, అడిగినవారే యగుదురు. వక్రమే వినాశహేతువైనచో ఇందరి బ్రతుకులు ఎట్లు సాగుచున్నవి? కావున వక్రమన్న మాట వినగనే బెదరుట తగదు.

పుష్కరమున వక్రవిచారము

వక్రగతి కేవలము జ్యోతిష్కుల చక్రములలోని మాట కాదు. మన తీర్థయాత్రలను కూడ అది నిర్ణయించును. బృహస్పతి సింహరాశిని ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరములు. 2003 జూలై 30న, 2015 జూలై 14న ప్రారంభమైన పుష్కరములు మీలో పలువురకు జ్ఞాపకముండును. ఆ రెండుమారులును గురుడు సింహమున ప్రవేశించిన పిదప మరల కర్కాటకమునకు మళ్ళలేదు. తదుపరి పుష్కరమున అట్లు కాదు. దృగ్గణితము ప్రకారము గురుడు 2026 అక్టోబరు చివర సింహమున అడుగిడును. డిసెంబరులో వక్రించి, 2027 జనవరి చివర కర్కాటకమునకు మళ్ళును. వక్రత్యాగము చేసిన పిదప 2027 జూన్ చివర మరల సింహమును చేరి నిలుచును. పుష్కరమునకు ఈ రెండు ప్రవేశములలో దేనిని గ్రహింపవలెనను విచారము ఈ వక్రము వలననే పుట్టినది.

ఇందు గ్రహింపదగిన నీతి యేమి? గురుడు మళ్ళినంత మాత్రమున పుష్కరము తప్పిపోలేదు. ఒకమారు గడప త్రొక్కి, వెనుకకు పోయి, మరల వచ్చి నిలిచినాడు. వక్రగ్రహము చూపు కార్యము కూడ తరచు ఇట్లే యుండునని ప్రశ్నశాస్త్రము చెప్పుచున్నది. మొదట చేతికి వచ్చినట్లే యుండును, జారిపోవును, మరల వచ్చును.

జాతకము వేరు, ప్రశ్న వేరు

జాతకమునకును ప్రశ్నకును భేదమున్నది. జాతకము పుట్టిన వేళను బట్టి జీవితమంతటిని పరిశీలించునది. ప్రశ్న, అడిగిన వేళను బట్టి అడిగిన ఒక్క కార్యమునే పరిశీలించునది. మొదటిది చెట్టును చూచుట. రెండవది ఆనాడు కొమ్మనున్న కాయను చూచుట.

జాతకమున వక్రగ్రహమునకు బలము చెప్పబడినది. షడ్బలములలో చేష్టాబలమను నది గతిని బట్టి వచ్చునది. వక్రించిన గ్రహమునకు అందు 60 షష్ట్యంశల పూర్ణబలము కలదు. వక్రి యైన గ్రహము ఉచ్చస్థునితో సమానమని ఫలదీపిక వంటి గ్రంథముల అభిప్రాయము. ఉత్తరకాలామృతకారుడు మాత్రము నీచయందు వక్రించినవాడు ఉచ్చఫలము, ఉచ్చయందు వక్రించినవాడు నీచఫలము ఇచ్చునని చెప్పినాడు. పెద్దలలోనే ఇట్టి మతభేదములున్నవి గావున ఒక్క సూత్రమును పట్టుకొని తుది తీర్పు చెప్పుట సాహసమగును.

వక్రమునకు ఈ బలమెట్లు వచ్చినది? ఆకాశమును చూచినవారికి ఇది సులభముగ బోధపడును. కుజ గురు శనులు వక్రమధ్యమున సూర్యునకు ఎదురుగ నుందురు. భూమికి సమీపముగ నుందురు. సంధ్యవేళ ఉదయించి రాత్రియంతయు దేదీప్యమానముగ వెలుగుదురు. అట్టి వెలుగును బలముగా ఎంచుట సహజము. కాని బుధ శుక్రుల సంగతి ఇందుకు విరుద్ధము. వారు వక్రమధ్యమున సూర్యునితో కలిసి అస్తంగతులై కనబడకుందురు. వక్రించిన బుధునకు 12 అంశలు, శుక్రునకు 8 అంశలు అస్తంగతపరిమితిగా సూర్యసిద్ధాంతము చెప్పినది. కావున వక్రించిన శనిని, వక్రించిన బుధుని ఒకే త్రాసున తూచరాదు.

తాజికమతమున రద్దయోగము

ప్రశ్నయందు వక్రమును గూర్చి కఠినముగ పలికినది తాజికమతము. నీలకంఠ దైవజ్ఞుడు 1587లో రచించిన తాజికనీలకంఠి ఈ మతమునకు ప్రధానగ్రంథము. ఇది అరబ్బుల నుండి, పారసీకుల నుండి వచ్చిన విద్యను సంస్కృతమున పొదిగిన శాస్త్రము. ఇందలి యోగముల పేర్లే దీనికి సాక్ష్యము. శీఘ్రగ్రహము తక్కువ అంశలలోను, మందగ్రహము ఎక్కువ అంశలలోను ఉండి, పరస్పరదృష్టి కలిగి, దీప్తాంశలకు లోబడి యున్నచో దానిని ఇత్థశాలయోగమందురు. అప్పుడు కార్యము సిద్ధించును. శీఘ్రగ్రహము మందగ్రహమును దాటిపోయినచో ఈసరాఫము. కార్యము చేయి దాటినదని అర్థము. దీప్తాంశలు రవికి 15, చంద్రునకు 12, కుజునకు 8, బుధునకు 7, గురునకు 9, శుక్రునకు 7, శనికి 9.

ఇత్థశాలమున్నను, అందలి గ్రహము వక్రియో, అస్తంగతుడో, నీచస్థుడో, దుఃస్థానగతుడో యైనచో దానిని రద్దయోగమన్నారు. ఈ పేరు మనకు క్రొత్తది కాదు. "పట్టా రద్దయినది", "హుకుము రద్దు చేసినారు" అని కచేరీలలో వినునట్టి రద్దు అన్న మాటయును, ఈ రద్దయోగమును ఒకే అరబ్బీ పదము నుండి వచ్చినవి. ఆ పదమునకు త్రిప్పిపంపుట యని అర్థము. గమనింపుడు: నాశనము కాదు, త్రిప్పిపంపుట. ఒక గ్రహము ఇచ్చిన దానిని మరియొక గ్రహము పుచ్చుకొనజాలక త్రిప్పి ఇచ్చుచున్నదని భావము.

త్రిప్పిపంపిన అర్జీ మరల పెట్టుకొనరాదని లేదు. నీలకంఠుడు కూడ ఇందు ఒక వివరము చెప్పినాడు. కేంద్రమందున్న గ్రహము ఆపోక్లిమమందున్న దానితో యోగించినచో కార్యము మొదట కుదిరి పిదప చెడును. ఆపోక్లిమమందున్నది కేంద్రమందున్న దానితో యోగించినచో మొదట చెడి పిదప కుదురును. కేంద్రములనగా 1, 4, 7, 10 స్థానములు. ఆపోక్లిమములనగా 3, 6, 9, 12 స్థానములు. ఈ రెండవ భాగమును విడిచి మొదటి సగము మాత్రమే చెప్పినచో శాస్త్రమునకు అన్యాయము చేసినట్లగును.

ప్రశ్నభేదమును బట్టి ఫలభేదము

ఇక ఏ ప్రశ్నకు వక్రము ఎట్లు పలుకునో క్రమముగ చూతము.

మొదటిది ప్రవాసి ప్రశ్న. ఇంటినుండి వెళ్ళినవాడు ఎప్పుడు వచ్చునని అడుగుట. వరాహమిహిరుని కుమారుడు పృథుయశుడు రచించిన షట్పంచాశిక, పేరునకు తగినట్లు 56 శ్లోకముల చిన్నగ్రంథము. ప్రవాసమును దశమము నుండి, నివృత్తిని అనగా తిరిగివచ్చుటను సప్తమము నుండి చూడవలెనని అందు చెప్పబడినది. ఇట్టి ప్రశ్నయందు ప్రవాసిని సూచించు గ్రహము వక్రించుట మిక్కిలి అనుకూలము. గ్రహము తిరిగినది, మనిషియు తిరుగును అని దైవజ్ఞులు అన్వయించుదురు. తప్పిపోయిన పశువు, పోయిన సొమ్ము విషయమునను ఇదే న్యాయము. విచిత్రమేమనగా, ఆంగ్లదేశమున విలియం లిల్లీ యనునతడు 1647లో ప్రకటించిన ప్రశ్నగ్రంథమునందును వక్రమునకు ఈ తిరుగుబాట అర్థము కనబడును. కేరళమున ప్రశ్నమార్గము పుట్టినది కొల్లము శకము 825, అనగా 1649 ప్రాంతము. సముద్రముల కావల ఒకరినొకరు ఎరుగని వారు ఒకే కాలమున ఇట్టి ప్రశ్నలకే సమాధానము వెదకినారు. ఇంటికి రానివారి కొఱకు ఎదురుచూచు తల్లులు అన్ని దేశములందును ఉందురు గదా!

రెండవది నూతనకార్యప్రశ్న. క్రొత్త కొలువు, క్రొత్త వ్యాపారము, క్రొత్త సంబంధము అడిగినప్పుడు కార్యాధిపతి వక్రించుట విఘ్నసూచకము. ముందునకు పోవలసినది వెనుకకు చూచుచున్నది. వివాహప్రశ్నయందు దీనికి మరియొక అర్థము కలదు: వదలిపెట్టిన పాత సంబంధము మరల వచ్చుట. అట్టి వేళ "పెండ్లి కాదు" అనరాదు. "తొందరపడక మరియొకమారు విచారింపుడు" అనవలెను.

మూడవది వ్యాజ్యప్రశ్న. వక్రము తీర్పు తిరుగుటను, పై కచేరీకి పోవుటను, లేదా ఇరుపక్షములు మరల రాజీకి కూర్చుండుటను సూచించును.

నాల్గవది రోగప్రశ్న. ఇది అన్నింటికంటె సున్నితమైనది. రోగాధిపతి వక్రించినచో తగ్గిన రోగము తిరుగబెట్టవచ్చునని గ్రంథముల భావము. దీనిని వినిన రోగి యేమి చేయవలెను? జ్వరము తగ్గినదని మందు మధ్యలో మానక వైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెను. ఇంతకు మించిన పరిహారము లేదు. వక్రము పేరు చెప్పి రోగి ఆయుస్సును గూర్చి పలుకుట, శస్త్రచికిత్సను వాయిదా వేయించుట మహాదోషము. అత్యవసరమైన చికిత్సకు ముహూర్తము లేదు. ప్రాణమును నిలుపు క్షణమే ముహూర్తము.

ఒక ఉదాహరణము

ఈ సూత్రములన్నియు ఒక్కచోట ఎట్లు పనిచేయునో చూచుటకు ఒక చక్రమును ఊహింతము. మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల నుండి ఎందరో గల్ఫ్ దేశములకు పోయి కష్టించుచున్నారు. అట్టి ఒక ఇంటి తల్లి వచ్చి, "అయ్యగారూ, మా కొడుకు దుబాయి పోయి నాలుగేండ్లాయె. వస్త వస్త అంటడు, రాడు. ఎప్పుడొస్తడో జర చూసి చెప్పుండ్రి" అని అడిగినదనుకొనుడు.

లగ్నము కన్య. లగ్నాధిపతి బుధుడు అడిగిన తల్లిని చూపును. పుత్రస్థానము ఐదవదియైన మకరము. దాని యధిపతి శని కొడుకును చూపును. రవి తులలో 7వ అంశయందున్నాడు. బుధుడు వృశ్చికమున 1వ అంశయందు, లగ్నమునకు మూడవయింట నున్నాడు. శని మీనమున రెండున్నర అంశలయందు, ఏడవయింట వక్రియై యున్నాడు.

తొందరపాటు దైవజ్ఞుడు శని వక్రమును చూచి "రద్దయోగము, రాడు" అనును. ఇది సగము చూచి చెప్పిన మాట. నెమ్మదిగ చూడుడు. బుధునకు రవితో 24 అంశల దూరమున్నది గనుక అస్తంగతదోషము లేదు. బుధునినుండి శని ఐదవయింట నున్నాడు, అది మిత్రదృష్టి. బుధుడు తక్కువ అంశలలో, శని ఎక్కువ అంశలలో ఒకటిన్నర అంశల తేడాతో ఉన్నందున ఇత్థశాలము కుదిరినది. పైగా బుధుడు ముందునకు, శని వెనుకకు నడచుచుండుటచే ఇద్దరును ఒకరి కొకరు ఎదురేగుచున్నారు. తల్లి ఎంత తపించుచున్నదో కొడుకును అంతగా ఇంటివైపు చూచుచున్నాడని దీని భావము. శని యున్నది సప్తమము, అది నివృత్తిస్థానము. అడిగినది తిరిగివచ్చుటను గూర్చి గనుక వక్రము ఇచ్చట అనుకూలము. రద్దయోగపు ఛాయ కూడ లేకపోలేదు; ఐనను ఆపోక్లిమమందున్న బుధుడు కేంద్రమందున్న శనితో యోగించినాడు గావున మొదట తప్పి, పిదప కుదురును.

కనుక చెప్పవలసిన మాట ఇది: "అమ్మా, నీ కొడుకు మనస్సు ఇంటివైపే యున్నది. ఒకమారు ప్రయాణము తప్పిపోవచ్చును. దానికి క్రుంగవలదు. శని వక్రత్యాగమునకు ముందు వెనుకలుగా కబురు తెలియునని శాస్త్రము సూచించుచున్నది. కాని నీవు ఊరకుండక అతనితో మాటలాడుము. రాలేకపోవుటకు కారణము అప్పా, కాగితములా, యజమానుడా అడిగి తెలుసుకొనుము. తగిన అధికారులకు అర్జీ పెట్టుకొనుము." చూచితిరా! శాస్త్రము చెప్పినది కొంత; మనిషి చేయవలసినది కొంత. రెండవది చెప్పని దైవజ్ఞుడు మొదటిది చెప్పియు ప్రయోజనము లేదు.

జాగ్రత్త పడవలసిన తావులు

కొన్ని మెలకువలు మనవి చేసెదను.

ఒకటి: పంచాంగగణితము. పూర్వపద్ధతి పంచాంగమునకును దృగ్గణితమునకును గ్రహస్ఫుటములలో భేదముండును. వక్రారంభ వక్రత్యాగముల దినములును మారును. ఆకాశమున కన్నులకు కనబడు గ్రహముతో సరిపోల్చి చూచుకొనుట దైవజ్ఞునకు ముఖ్యము.

రెండు: స్తంభనము. గ్రహము వక్రించుటకు ముందును, వక్రము విడుచుటకు ముందును కొన్ని దినములు నిలిచినట్లుండును. ఇదియే వికలగతి. ప్రశ్నయందు ఇది తటపటాయింపును చూపును. ఇట్టి వేళ "ఔను, కాదు" అని కాక "ఇంకను తేలలేదు" అని చెప్పుటయే సత్యము.

మూడు: ఒకే ప్రశ్నను పదిమారులు అడుగుట. మొదటి చక్రమున వక్రము వచ్చినదని వారమునకొక దైవజ్ఞుని ఆశ్రయించుట కూడదు. శని వక్రము నాలుగున్నర నెలలుండును; ఎందరిని అడిగినను ఆయన వక్రియే. ఆర్తితో ఒకమారు అడిగిన ప్రశ్నకే విలువ.

నాలుగు: శాంతుల పేరిట వ్యయము. వక్రదోషమని భయపెట్టి వేలకు వేలు ఖర్చు పెట్టించువారున్నారు. పైన చెప్పిన లెక్కను మరల తలచుకొనుడు. గ్రహము వక్రించునది నియతకాలమున, విడుచునదియు నియతకాలమున. మనము అప్పు చేసి శాంతి చేయించినను, చేయింపకున్నను శని తన దినమున వక్రత్యాగము చేయును. భక్తితో దీపము పెట్టుట, నామము స్మరించుట, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట చాలును. ఇంటి నగలు కుదువబెట్టి చేయవలసిన శాంతి యేదియు లేదు.

దైవజ్ఞుని ధర్మము, అడుగువారి ధర్మము

తుదకు ఒక సత్యమును నిర్మొగమాటముగ చెప్పవలెను. గ్రహము ఎప్పుడు వక్రించునో గణితము నిక్కచ్చిగ చెప్పును. ఎవరైనను ఆకాశమును చూచి సరిచూచుకొనవచ్చును. ఆ వక్రము వలన ఒకరి ఇంట ఏమి జరుగునన్నది సంప్రదాయముగ వచ్చిన మాట. గణితమువలె పరీక్షకు నిలిచిన నిర్ణయము కాదు. ఈ రెంటికి నడుమనున్న గీతను దైవజ్ఞుడు ఎన్నడును చెరుపరాదు. ఫలము చెప్పునప్పుడు "శాస్త్రము ఇట్లు సూచించుచున్నది" అనవలెనే గాని "ఇట్లే జరుగును" అనరాదు. వినువాడును ఆ మాటను ఊతకఱ్ఱగా గ్రహింపవలెనే గాని కాళ్ళను కట్టివేసికొను త్రాడుగా గ్రహింపరాదు.

వక్రగ్రహము మనకు నేర్పునది పునర్విచారము. వ్రాసిన కాగితమును మరల చదువుట, ఆడిన మాటను మరల తలచుట, విడిచిన బంధువును మరల పలుకరించుట, మధ్యలో మానిన మందును మరల వైద్యునికి చూపుట, ఇవి గ్రహము వక్రించినను, వక్రింపకున్నను మేలు చేయు పనులు. ప్రశ్న అడిగి ఇంటికి పోవువాడు భయముతో గాక ఇట్టి ఒక మంచిపని తలపుతో గడప దిగినచో ఆ ప్రశ్న సఫలమైనట్లే.

చెన్నూరు చెంత ఉత్తరమునకు మళ్ళిన నీరు ఒడ్డునున్న పొలమునకు ఆ మలుపుననే తడి నిచ్చుచున్నది. మన కార్యములలో వచ్చు మలుపులను కూడ ఓర్పుతో, వివేకముతో అట్లు వినియోగించుకొనుటకు ఆ పరమాత్మ మనకు బుద్ధిని ప్రసాదించుగాక.

స్వస్తి.